రెండో అంకె

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, చివరికి నా డైరీకి కూడా అబద్ధమే చెప్పాను. మొన్న మనవరాలు తన కాలేజీ ఎన్నికకు ఫోనులోనే పేర్ల పక్కన ఒకటి, రెండు, మూడు అని నొక్కుతూ, "అమ్మమ్మా, ఇందులో నచ్చినవాళ్లందరికీ వేసెయ్యొచ్చు తెలుసా" అని నవ్వితే, ఎప్పటిదో ఒక చీటీ, దానిమీద నా చేత్తో రాసిన రెండో అంకె కళ్ల ముందుకొచ్చి, ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఎనభైల్లో గుంటూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివాను. నలుగురిలో నోరు పెగలక పుస్తకాల్లో తలదూర్చే నాకు, నా గదిలో ఉండే పిల్లే లోకం. ప్రకాశం జిల్లాలో మిరప రైతు కూతురు. సెలవులకు ఇంటికెళ్లి వస్తే ఆమె పెట్టె తెరవగానే బట్టల్లోంచి మిరపఘాటు లేచి, ఇద్దరం తుమ్ముతూ నవ్వుకునేవాళ్లం. రెండో ఏడుతో చదువు ఆపేయమని వాళ్ల నాన్న పట్టుబట్టాడు. కాలేజీ హాలులో విద్యార్థి కార్యదర్శుల పేర్లు రాసే చెక్కబోర్డు ఒకటుండేది. "దానిమీద నా పేరు చూపిస్తే మా నాన్న మెత్తబడతాడే, కూడబలుక్కునైనా చదువుతాడు" అంటూ పోటీకి దిగింది.

ఆ ఏడు రాజనీతిశాస్త్రం మేడమ్ కొత్త పద్ధతి పెట్టారు. ముగ్గురు పోటీ: చిలకలూరిపేట పత్తిమిల్లు వారమ్మాయి, మా గది పిల్ల, లైబ్రరీలో నాకోసం నవలలు దాచిపెట్టే సీనియర్ అక్క. ఎక్కువ ఇష్టమైనవాళ్లతో మొదలుపెట్టి ముగ్గురికీ ఒకటి, రెండు, మూడు అని అంకెలు వెయ్యాలి. మొదట ఒకట్లే లెక్కపెడతారు. ఎవరికీ సగం దాటకపోతే, అందరికన్నా తక్కువ ఒకట్లు వచ్చినవాళ్లు తప్పుకుంటారు, వాళ్ల చీటీలు మాత్రం వాటిమీద రెండు ఎవరికుంటే వాళ్లకు చేరతాయి.

నోటీసులో ఇది చదివి, ఒకటి వెయ్యనివాళ్లను కనీసం రెండయినా అడుగు అని ఆమెకు సలహా ఇచ్చింది నేనే. ఇక ఆమె గదిగదికీ తిరిగి, "అక్కా, ఒకటి మీకిష్టమైనవాళ్లకే వేసుకోండి, రెండు మాత్రం నాకు పడెయ్యండి, మీ సొమ్మేం పోదు" అనేది. "రెండేం ఖర్మే, కావాలంటే రెండున్నర వేస్తాం పో" అని వాళ్లు ఆటపట్టించేవాళ్లు.

తీరా నా వంతు వచ్చేసరికి చీటీ ముందు నా చెయ్యి ఆగింది. అక్కకు ఎవరూ వెయ్యరేమో, మొదటే తప్పుకుంటుంది, అప్పుడు నా చీటీ ఎలాగూ మా పిల్లకే చేరుతుంది, ఇద్దరి మనసూ కష్టపెట్టినట్టుండదు అనుకుని, అక్కకు ఒకటి, మా పిల్లకు రెండు వేశాను.

దస్తూరీ బాగుంటుందని లెక్క రాయడానికి మేడమ్ నన్నే కూర్చోబెట్టారు. మిల్లు వారమ్మాయికి ముప్ఫైయారు, అక్కకు ఇరవై ఎనిమిది, మా పిల్లకు ఇరవై ఏడు. మొదట తప్పుకుంది మా పిల్లే. ఆమె చీటీలు పంచితే మిల్లు వారమ్మాయి గెలిచింది. అక్క చీటీల కట్టకు దారం చుడుతూ ఒక్కొక్కటే చూశాను. దాదాపు అన్నిటిమీదా మా పిల్లకే రెండు. అక్క నిలిచింది కనుక వాటిని లెక్కించే పనే పడలేదు. వాటి మధ్యలో నా చీటీ ఉంది. నా చీటీలో ఒకటి, రెండు తారుమారై ఉంటే తప్పుకునేది అక్క, ఆ కట్టంతా మా పిల్లది. ఆ సాయంత్రం డైరీలో, "దానికే ఒకటి వేశాను, అయినా ఓడింది" అని రాసుకున్నాను.

మిరప కోతల ముందు వాళ్ల నాన్న వచ్చాడు. ఆఫీసులో కాగితాలు తయారయ్యేదాకా హాలులో నిలబడి, బోర్డు మీద పేర్లన్నీ ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. ఆమె తలొంచుకుని పక్కనే నిలుచుంది. తర్వాత నేను రాసిన ఉత్తరాలు వేటికీ జవాబు రాలేదు.

ఇప్పుడు చీటీలు లేవు, దారం చుట్టేవాళ్లు లేరు, ఎవరి అంకె ఎవరిని ముంచిందో చేత్తో తడిమి చూసే అవసరం ఎవరికీ రాదు. ఈ కాలం పిల్లల్ని చూస్తే ఆ ఒక్క విషయంలో నాకు ఈర్ష్యగా ఉంటుంది. నా వేళ్లకు మాత్రం ఆ కట్ట ఇంకా తగులుతూనే ఉంటుంది. మిరపకాయలు ఎండబోసిన దారిన వెళితే ఇప్పటికీ తుమ్ము వస్తుంది, వెనకాల ఇంకొకరు తుమ్ముతారేమోనని ఆగుతాను.

వాళ్ల నాన్న తీసుకెళ్లిన ఆ రోజు బస్టాండుదాకా ఆమె పెట్టె పట్టుకుని వెళ్లాను. బస్సు కదలబోతుంటే కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని అంది: "పోనీలేవే. అందరూ రెండేసినా, నువ్వు ఒకటేశావు. నాకది చాలు."