గడియ లేని స్నానాల గది

2023లో నేను ఇస్నాపూర్‌లో ఒక ‘షేర్డ్ లివింగ్’ ఇంటికి హౌస్ కోఆర్డినేటర్‌గా ఉన్నాను. షేర్డ్ లివింగ్ అంటే హాస్టల్ కాదు. వైకల్యం ఉన్న ఇద్దరు ముగ్గురు ఒక ఇల్లు పంచుకుని, తామే వండుకుంటూ, పనులకు వెళ్లి వస్తూ ఉంటారు. వారికి కావలసిన ఏర్పాట్లు చూడటం నా పని. పాశమైలారం వైపు మాకున్న భూములన్నీ నా చిన్నతనంలోనే చేతులు మారాయి. జీతానికి పనిచేయడం మా వంశంలో నాతోనే మొదలు. ఎవరి చేతా మాట పడకూడదని పని పకడ్బందీగా చేసేదాన్ని.

ఆ ఇంట్లో ఇద్దరుండేవారు. యాదమ్మకు నడుము కింద స్పర్శ లేదు; వీల్‌చెయిర్‌లో కూర్చునే జాకెట్లు కుట్టేది. స్వరూపకు ఫిట్స్. మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని, ఉదయం షిఫ్టు. ఆమెను దింపిన రోజు వాళ్లన్న ఒకటే మాట అన్నాడు.

“ఒక్కసారి పడి దెబ్బ తాకినా మా సెల్లెను తీస్కపోత మేడం. గీ నౌకరీ వద్దు, ఏం వద్దు.”

ఇంట్లో ఎక్కడ ఏ ప్రమాదముందో రాసి, దానికి ఉపాయం చేయడాన్ని ‘రిస్క్ అసెస్‌మెంట్’ అంటాం. తడి నేల, లోపల గడియ, ఫిట్స్ ఉన్న మనిషి. వడ్రంగిని పిలిపించి స్నానాల గది గడియ తీయించాను. స్వరూప డ్యూటీ నుంచి వచ్చాక చెప్పాను. “మంచిది మేడం” అంది.

వారం తిరగకముందే, మూడింటికి ఇల్లు చేరే మనిషి నాలుగున్నరకు రావడం మొదలైంది. ఆ సమయంలో ఫోన్ ఎత్తదు. హైవే దాటుతూ లారీల మధ్య పడిపోయిందేమోనని రోజూ గేటు దగ్గరే నిలబడేదాన్ని. అడిగితే ఓవర్‌టైం అనేది. ఫ్యాక్టరీలో కనుక్కుంటే ఓవర్‌టైమే లేదన్నారు.

యాదమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ అంది: “గా పిల్ల ఇంట్ల నీళ్లు పోసుకోంగ సూడక ఎన్ని దినాలాయెనో. అయినా రోజు తడి వెంట్రుకలతోనే వస్తది.”

“నాకెందుకు చెప్పలేదు?”

“మీరు అడిగితే గదా. గడియ తీసేటప్పుడు గూడ ఎవల్ని అడిగిండ్రు?”

మర్నాడు ఫ్యాక్టరీ గేటు నుంచి స్వరూప ఎక్కిన ఆటో వెనకే మరో ఆటోలో వెళ్లాను. కార్మికులుండే కిరాయి గదుల వరుస ముందు దిగి, తనతో పనిచేసే అమ్మాయి గదికి వెళ్లింది. నేను చేరేసరికి వెనకున్న రేకు తలుపు స్నానాల గదిలో చెంబు చప్పుడు వినిపిస్తోంది.

“స్వరూపనా? నీళ్లు పోసుకుంటుంది, కూసోండ్రి” అంది ఆ అమ్మాయి బియ్యం కడుగుతూ.

ఫిట్స్ సంగతి ఆ అమ్మాయికి తెలుసో లేదో. చెప్పే హక్కు నాకు లేదు. తలుపు దగ్గరే నిలబడ్డాను. చెంబు చప్పుడు ఆగింది. పిలిచాను. జవాబు లేదు. తలుపు లోపలికి తెరుచుకునేది. ఆమె పడి ఉంటే నెట్టినా రాదు. మళ్లీ పిలిచాను.

“ఎవరూ?”

“నేను, స్వరూపా.”

“సబ్బు పెట్టుకుంటున్న మేడం. జెర ఆగుండ్రి.”

అక్కడున్న బట్టలుతికే బండ మీద కూర్చుని ఆమె కోసం ఆగాను.

బయటికొచ్చాక ఆమె మొదటి ప్రశ్న, “అన్నకు చెప్తరా?”

“ఇక్కడ పడితే ఎవరు చూస్తారు?”

“మనింట్ల పడ్తె అందరు సూస్తరు మేడం. ఊర్ల ఒకసారి గట్లనే పడ్డ. అన్న తలుపు వలగ్గొట్టిండు. ఒంటి మీద బట్ట లేదు. వాకిట్ల ఉన్నోళ్లంత సూసిండ్రు. గప్పటిసంది గడియ లేకుంటె నాకు చెంబు ముట్టబుద్ధి గాదు.”

నేను పెట్టిన భద్రతే ఆమెను ఈ రేకు తలుపు వెనక్కి తరిమింది. “తప్పు నాది” అన్నాను. ఆ మాట పలకడం నాకు అలవాటు లేదు.

ఆ సాయంత్రం ముగ్గురం కూర్చున్నాం. ‘ప్రైవసీ బోల్ట్’ పెట్టించాలనుకున్నాం. లోపల గడియలాగే పడుతుంది, అవసరమైతే బయటి నుంచి నాణెంతో తిప్పి తీయవచ్చు. తలుపు బయటికి తెరుచుకునేలా మార్పించాలి. చెంబు చప్పుడు ఆగితే పిలవాలి. రెండుసార్లు పలక్కపోతేనే తెరవాలి. తెరిచే బాధ్యత నాదన్నాను.

“మీరొద్దు మేడం. యాదమ్మక్కనే తెరవాలె.”

“నాకైతె ఉరికిపోయి ఊరందరికి చెప్పెతందుకు కాళ్లు గూడ లేవాయె” అంది యాదమ్మ. గడియ తీయించాక స్వరూప నవ్వగా చూడటం అదే మొదటిసారి.

రెండు నెలలకు యాదమ్మ నుంచి ఫోన్: స్వరూప పడింది. నేను చేరేసరికి వీల్‌చెయిర్ ఖాళీగా ఉంది. తలుపు దగ్గరికి వేసి ఉంది. యాదమ్మ కుర్చీ నుంచి నేల మీదికి జారి, ఆమెను పక్కకు ఒత్తిగిల్లబెట్టి, దుప్పటి కప్పిందట.

“లోపటికి రాకుండ్రి మేడం. తెలివొచ్చింది. చీర కట్టుకుంటుంది.”

బయటే ఆగాను. కాసేపటికి స్వరూప వచ్చి, నా ముందే అన్నకు తనే ఫోన్ చేసింది. “పడ్డనే. అక్క సూసుకుంది. దెబ్బ తాకలె. నేను ఈడనే ఉంట.” “పైలంగ ఉండు” అని అన్న ఫోన్ పెట్టేశాడు.

ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా, అసెస్‌మెంట్ కాగితం తీసేముందు అక్కడి స్నానాల గది వాడుకునే మనిషినే కూర్చోబెట్టుకుని దేనికి భయమో అడుగుతాను. పడటం కన్నా ఎక్కువగా స్వరూప దేనికి భయపడిందో, నేను అంత పకడ్బందీగా రాసిన అసెస్‌మెంట్‌లో దాని గురించి ఒక్క వరుస కూడా లేదు.