బాబాయి పెట్టిన కలుపు జైలు

బాబాయి దృష్టిలో కలుపు మొక్కలంటే హంతకులు. విత్తన పరీక్షశాలలో ఆయన గది కిటికీ దగ్గర వరసగా కుండీలు, వాటిలో తుంగ, వయ్యారిభామ. ఒక్కో కుండీకి "ముద్దాయి" అని చీటీ. వాటి ముందు ఎవరైనా గొంతు పెంచితే ఆయనకి ప్రాణం పోయినంత పని.

"నెమ్మదిగా అమ్మా. వింటున్నాయి."

కొత్తగా ఉద్యోగంలో చేరిన అన్నకూతురు మొదటి వారం నవ్వలేక చచ్చింది. రెండో వారానికి ఆ గదిలోకి ఒంటరిగా వెళ్లాలంటే ఒళ్లు జలదరించేది. తలుపులూ కిటికీలూ మూసున్నా వయ్యారిభామ ఆకులు కదిలినట్టే ఉండేవి.

"ఇవి కత్తి పట్టవు," అనేవాడు బాబాయి గుసగుసగా. "వేళ్లలోంచి, రాలిన ఆకుల్లోంచి మట్టిలోకి విషం వదులుతాయి. పక్కనున్న గింజ మొలకెత్తాలన్న సంగతే మర్చిపోతుంది."

ఆకులు నానబెట్టి, వడకట్టి, ఆ నీళ్లు సీసాల్లో దాచేవాడు. సాక్ష్యమట! ఓసారి ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టిన సీసా తీసి పిన్ని కొత్తిమీర మడికి పోసింది. నెలైనా ఒక్క మొక్క తల ఎత్తలేదు. పిన్ని ఫ్రిజ్‌కి తాళం వేసింది.

అలాంటి రోజుల్లో విత్తనాలు అమ్ముకునే ఒకావిడ టమాటా గింజలు పరీక్షకొచ్చాయి. సరిగ్గా వంద. అవి మొలవకపోతే ఆవిడ లైసెన్సు పోతుంది, దుకాణం మూతపడుతుంది. అమ్మాయి వాటిని తడికాగితం మీద పరిచి మూత పెట్టింది. వారం తర్వాత తీసి చూస్తే ఒక్కటీ మొలవలేదు. వందా ఉబ్బిపోయి, గుడ్లప్పగించి తననే చూస్తున్నట్టు ఉన్నాయి.

"అన్నీ చచ్చాయి బాబాయ్. అదే రాసేస్తాను."

బాబాయి భూతద్దం తీశాడు. కొన్ని గింజల్లోంచి సూదిమొనంత వేరు బయటికొచ్చి, కొస నల్లబడి ఆగిపోయింది.

"రాయకు. మిగతావి చావలేదు. ఎవరో బెదిరించారు." కాగితం వాసన చూశాడు. "ఏ సీసా నీళ్లు పోశావ్?"

అమ్మాయి చూపించింది. సీసా మీద "ముద్దాయి" చీటీ శుభ్రంగా ఉంది. హడావుడిలో తనే చూసుకోలేదు. అమ్మాయి మొహం పాలిపోయింది.

"బాబాయ్, ఆవిడ కొంప ముంచేశాను."

బాబాయి భూతద్దం పక్కన పెట్టాడు. గింజల్ని జల్లెడలో పోసి, కుళాయి కింద సాయంత్రం దాకా కడిగాడు. భోజనానికి కూడా లేవలేదు. "అది వెళ్లిపోయింది, ఇక్కడ లేదు, భయపడకండి," అని వాటికి ఒకటే నచ్చజెప్పడం. వింటున్న అమ్మాయి రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకుంది.

కొత్త కాగితం మీద పరిచిన ఆరో రోజుకి ఎనభై ఏడు మొలకలు లేచాయి. ఆవిడ లైసెన్సు నిలబడింది.

ఆలస్యం ఎందుకైందని అధికారి నిలదీశాడు. అమ్మాయి నోరు తెరిచేలోపే బాబాయి అందుకున్నాడు.

"నా సీసా అండీ. నేనే పొరపాటున పోశాను."

అధికారి చెడామడా తిట్టి, సాయంత్రంలోగా కుండీలన్నీ ఖాళీ చేయమన్నాడు. బాబాయి ఒక్కో కుండీ మెట్ల మీదుగా దించుతుంటే అమ్మాయి వెంటపడింది.

"తప్పు నాది కదా. నువ్వెందుకు మీద వేసుకున్నావ్?"

"నీకు ఉద్యోగం కొత్త, పీకేస్తారు. నేను ఎలాగూ ఆరు నెలల్లో రిటైర్ అవుతున్నాను, నన్నేం పీకుతారు?" అని, బాబాయి చుట్టూ చూసి గొంతు ఇంకా తగ్గించాడు. "మీ పిన్నికి మాత్రం ఇప్పుడే చెప్పకు. ఇవన్నీ మన ఇంటికే వస్తున్నాయి."

అమ్మాయి కళ్లు తుడుచుకుని, నవ్వు ఆపుకుంటూ, వయ్యారిభామ కుండీని చంకనెత్తుకుంది.