నాకంటే ముందు వెళ్ళొచ్చిన చెప్పులు

దెయ్యాల కబుర్లు చెప్పిన పిల్లల్ని బెంచీ ఎక్కించిన టీచర్ని నేను. ఉయ్యూరులో ఒక హైస్కూల్లో పంతొమ్మిదేళ్ళు సోషల్ చెప్పాను. చెరుకు తోటలో తెల్ల చీర కనబడిందనో, ఫ్యాక్టరీ గోడ వెనక ఎవరో పేరు పెట్టి పిలిచారనో ఎవడైనా మొదలుపెడితే, "చీర కనబడిందిగా, అంచు ఏ రంగో చెప్పు" అని నిలదీసేదాన్ని. ఒక్కడూ చెప్పలేకపోయేవాడు. ఇప్పుడు నేను రాయబోయే దాంట్లో కూడా నిలదీయదగ్గ చోట్లన్నీ నన్ను నేనే నిలదీసుకున్నాను. జవాబు దొరకలేదు.

ఇది 2002లో జరిగింది. అప్పటికి నాకు నలభై రెండేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు, చేసుకోలేదన్న బెంగా లేదు. విజయవాడ భవానీపురంలో మా అక్క రాజ్యం, నేను, ఇద్దరమే ఉండేవాళ్ళం. అక్క నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. అమ్మ నన్ను కని ఏడాది తిరక్కుండానే పోతే, నన్ను చంకనేసుకుని పెంచింది అక్కే. బావగారు పోయాక ఉయ్యూరులో ఇల్లు ఖాళీ చేసి నా దగ్గరికి వచ్చేసింది.

ఆసియా పటం పంతొమ్మిదేళ్ళు నల్లబల్ల మీద గీశాను. మెకాంగ్ నది ఏయే దేశాల మీదుగా పోతుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. నేను కళ్ళతో చూసిన నదులు మాత్రం రెండే, కృష్ణ, గోదావరి. ఒకరోజు పాఠం మధ్యలో ఒక ఆడపిల్ల లేచి, "మీరు చూశారా టీచర్?" అని అడిగింది. లేదన్నాను. ఆ పిల్ల కూర్చుంది. నాకే ఆ తర్వాత కూర్చోబుద్ధి కాలేదు.

వీపున ఒక సంచీ, చేతిలో పాస్‌పోర్టు. కలకత్తా నుంచి బ్యాంకాక్‌కి విమానం ఎక్కడం వరకే నా ప్లాను. అక్కడి నుంచి లావోస్, వియత్నాం, కంబోడియా. ఓపికుంటే చైనా, దారి దొరికితే నేపాల్ మీదుగా ఇంటికి. ఏ ఊళ్ళో ఎన్నాళ్ళుండాలో రాసుకోలేదు. తిరుగు టికెట్టు లేదు, తేదీ లేదు. జీతం లేని సెలవు పెట్టాను. సెలవు అయిపోయేసరికి ఉద్యోగం ఉంటే ఉంటుంది, లేకపోతే ట్యూషన్లు చెప్పుకుంటాను అనుకున్నాను.

దీనికి రెండేళ్ళు తయారయ్యాను. ఆదివారాలు గవర్నర్‌పేటలో నెట్ సెంటర్‌కి పోయి, పక్కన సినిమా హీరోల ఫోటోలు చూసుకునే కుర్రాళ్ళ మధ్య కూర్చుని, బస్సుల వివరాలు నోటుబుక్కులో ఎక్కించుకునేదాన్ని. స్కూటర్ సీట్లు కుట్టే రెక్సిన్ షాపాయన చేత ముదురాకుపచ్చ కాన్వాసుతో వీపు సంచీ కుట్టించాను. ఒక పాత సంచీలో ఎనిమిది కిలోల కందిపప్పు పోసుకుని రోజూ పొద్దున్నే కృష్ణ బ్యారేజీ మీద అటూ ఇటూ నడిచేదాన్ని. ఎవరో విద్యార్థి తండ్రి చూసి, టీచరు గారు పాపం ఇల్లిల్లూ తిరిగి సబ్బు పొడి అమ్ముకుంటున్నారని ఉయ్యూరంతా చెప్పాడు. స్టాఫ్ రూములో ఇద్దరు నా మీద జాలితో రెండేసి పాకెట్లు ఆర్డరు కూడా ఇచ్చారు.

పాస్‌పోర్టు ఎంక్వయిరీకి వచ్చిన కానిస్టేబుల్ ఎందుకు వెళ్తున్నారని అడిగాడు. చూడ్డానికి అన్నాను. "ఎవర్నండీ?" అన్నాడు. ఎవర్నీ కాదంటే ఆయనకి నమ్మకం కుదరలేదు. మూడు సార్లు తిరిగాడు.

అందరూ నవ్వినా, వెక్కిరించినా నేను ఖాతరు చెయ్యలేదు. నాకున్న చిక్కల్లా అక్కతోనే.

మా నాన్న 1965లో కలకత్తాలో పని దొరికిందని బయల్దేరాడు. నెల తిరిగేలోపు వస్తానని అక్కకి చెప్పాడు. క్షేమంగా చేరానని ఒక కార్డు వచ్చింది. అంతే. మళ్ళీ ఆయన కబురు లేదు, ఆయనా లేడు. అప్పుడు నాకు ఐదేళ్ళు, ఆయన మొహం గుర్తు లేదు. అక్కకి పద్నాలుగు. వీధి చివరిదాకా సాగనంపింది అదే. నేను నాన్నని వెతకడానికే వెళ్తున్నానని మా చుట్టాల్లో చాలామంది అనుకున్నారు. కాదు. ఏ రోజూ ఆ ఆలోచన లేదు. అయితే నేను కూడా కలకత్తా మీదుగానే వెళ్తున్నానని తెలిసిన రోజు నుంచి అక్క అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోయేది.

వద్దని ఒక్కసారి కూడా అనలేదు. రోజూ ఒకటే అడిగేది. "ఎప్పుడొస్తావే చిన్నీ?" నా దగ్గర తేదీ లేదు. అబద్ధం చెప్పడం చేతకాదు. మొండిదాన్నే, లోకమంతా అడ్డమొచ్చినా ఆగేదాన్ని కాదు. అక్క కన్నీళ్ళు పెట్టుకుంటే మాత్రం గుమ్మం దాటలేనని నాకు తెలుసు. అది సరేననకపోతే ప్రయాణం లేదని మనసులో అప్పటికే అనేసుకున్నాను.

చివరికి అక్క ఒక షరతు పెట్టింది. పరస్థానం పెట్టాలంది.

ఈ తరం వాళ్ళకి తెలియకపోవచ్చు. మంచి ముహూర్తం ఒక రోజు, మనం బయల్దేరేది ఇంకోరోజు అయితే, ఆ ముహూర్తానికి మన సామాను ఒకటి తీసుకెళ్ళి మనం వెళ్ళబోయే దిక్కున ఉన్న వేరే ఇంట్లో పెడతారు. దాంతో ప్రయాణం మొదలైనట్టే. ఆ సామాను మళ్ళీ ఇంటికి తేకూడదు. వెళ్ళేరోజు దారిలో తీసుకుని అటే పోవాలి. నాన్న వెళ్ళేటప్పుడు ఇవేమీ చూసుకోలేదని అక్క బాధ. నాకు నవ్వొచ్చింది. సంచీ ముందు పోతే మనిషి వెనక్కి వస్తుందా అని వాదించబోయి, దాని మొహం చూసి ఊరుకున్నాను.

మాకు తూర్పున, పక్క వీధిలో మస్తాన్‌బీ గారిల్లు. అక్కకి ప్రాణస్నేహితురాలు. ఆవిడ, లారీ మెకానిక్కుగా చేసి మానేసిన వాళ్ళాయన సిలార్ గారు, ఇద్దరే ఉంటారు. మార్చిలో ఒక గురువారం పొద్దున సంచీ తీసుకెళ్ళాం. అందులో పెట్టినవి నా చేత్తోనే పెట్టాను. ఒక తువ్వాలు, రెండు జతల సల్వార్ కమీజులు, షాపులో కొన్న మడత కూడా విప్పని తెల్ల కాటన్ చొక్కా, బీసెంట్ రోడ్డులో కొన్న కొత్త చెప్పులు. చెప్పులు షాపులో తొడుక్కుని నాలుగడుగులు వేసి చూసినవే. వాళ్ళిచ్చిన కవరులోనే ఉంచాను. మస్తాన్‌బీ గారు మా ఎదుటే సంచీని ఇనుప బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకున్నారు.

వారంలో బయల్దేరాల్సింది. నా సెలవు కాగితం ఎక్కడో ఏ బల్ల మీదో ఇరుక్కుంది. అది వచ్చేసరికి నలభై ఏడు రోజులు పట్టింది. ఈలోపు అక్క పురోహితుణ్ణి అడిగితే, పరస్థానం పది రోజులు దాటితే చెల్లదన్నాడట. మళ్ళీ కొత్త ముహూర్తం, మళ్ళీ మొదటి నుంచి పెట్టాలి. కోపమొచ్చినా సరేనన్నాను. ఒక ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ముగ్గురం బీరువా ముందు నిలబడ్డాం. మస్తాన్‌బీ గారు తాళం తీశారు.

సంచీ పెట్టిన చోటే ఉంది. రంగు మాత్రం వెలిసిపోయింది. ఒకవైపు బాగా, రెండోవైపు కొంచెం. వీపుకి ఆనే వైపు కాన్వాసు మెత్తబడి నున్నగా అయింది. చీకటి బీరువాలో గుడ్డ ఎలా వెలుస్తుందో నాకు అర్థం కాలేదు. కుట్ల సందుల్లో ఎర్రటి సన్న దుమ్ము ఉంది. మాది నల్లరేగడి నేల.

చెప్పులు కవరులో లేవు. తువ్వాల్లో చుట్టి ఉన్నాయి. తీసి తిప్పి చూశాను. అడుగులు అరిగిపోయి ఉన్నాయి. కుడిది సమానంగా అరిగింది. ఎడమది మడమ దగ్గర బయటి అంచు మాత్రమే బాగా అరిగింది. నేను ఏడో తరగతిలో ఉండగా జామచెట్టు మీంచి పడి ఎడమకాలు విరిగింది. అప్పటి నుంచి నా ప్రతి చెప్పూ ఇలాగే అరుగుతుంది.

చొక్కా చాలాసార్లు ఉతికిన గుడ్డలా పలచబడింది. పై నుంచి మూడో బొత్తాం నీలం దారంతో కుట్టి ఉంది. అక్క ఆ చొక్కా నా చేతిలోంచి లాక్కుంది. బొత్తాం కుట్టాక దాని మెడకి దారం మూడు చుట్లు తిప్పి రెండు ముళ్ళు వేయడం మా అమ్మ అలవాటట. అమ్మ అక్కకి నేర్పింది, అక్క నాకు నేర్పింది. ఈ నీలం దారం కూడా సరిగ్గా మూడు చుట్లు, రెండు ముళ్ళు.

నేను చేసిన మొదటి పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. మస్తాన్‌బీ గారి మీద అరిచాను. ఎవరికిచ్చారు, ఎవరు వాడారు అని గట్టిగా అడిగాను. పాపం ఆవిడ మొహం చిన్నబోయింది. ఖురాన్ మీద ఒట్టేస్తానన్నారు. ఇంట్లో ఉన్న ఇంకో మనిషి సిలార్ గారు. ఆయన పాదం నా చెప్పులో సగం కూడా పట్టదు. పట్టినా, ఆయన నా కుంటి నడక ఎందుకు నడుస్తాడు? ఆ సాయంత్రం వెళ్ళి ఆవిడ చేతులు పట్టుకుని క్షమించమన్నాను. ఆవిడ టీ ఇచ్చి పంపారు.

ఆ పొద్దున మాత్రం చెప్పులు పట్టుకుని తిన్నగా బస్టాపు దగ్గర చెప్పులు కుట్టే గంగయ్య దగ్గరికి పోయాను. నా చెప్పులు పదేళ్ళుగా బాగుచేసేది అతనే. ఏమీ చెప్పకుండా చేతికిచ్చాను. అడుగు మీద బొటనవేలితో రాసి చూశాడు.

"ఇంతగా అరగనిచ్చారేంటి టీచరు గారూ? ఏడాది పైగా నడిచినవండీ ఇవి."

ఎవరివో చెప్పగలవా అన్నాను. అతను నా కాళ్ళకేసి చూసి, "నన్ను పరీక్ష పెడతన్నారా? మీ ఎడం కాలు నాకు తెలవదా అండీ" అన్నాడు.

తిరిగొచ్చేసరికి అక్క మస్తాన్‌బీ గారి మంచం మీద ఆ చొక్కా ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. గంగయ్య అన్నది చెప్పాను. రెండేళ్ళ కష్టం గంగలో కలిసిందనుకున్నాను. తుమ్ము వినబడితేనే ఆగి మంచినీళ్ళు తాగి వెళ్ళమనే మనిషి, ఇది చూశాక నన్ను గుమ్మం దాటనిస్తుందా? నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

అక్క నా చేతిలోని చెప్పులు తీసుకుంది. అడుగులు నిమిరింది.

"నాన్న చెప్పులు రాలేదే చిన్నీ," అంది. "ఇవి తిరిగొచ్చాయి. నువ్వెళ్ళు."

కొత్త ముహూర్తం పెట్టలేదు. అక్కర్లేదంది. మళ్ళీ బీసెంట్ రోడ్డుకి పోయి అలాంటి చెప్పులే ఇంకో జత కొనుక్కున్నాను. వెళ్ళేరోజు మస్తాన్‌బీ గారు నా జబ్బకి ఒక గుడ్డలో నాణెం పెట్టి కట్టారు. వాళ్ళలో ప్రయాణం వెళ్ళేవాళ్ళకి అలా కడతారట. స్టేషన్‌లో రైలు కదిలేటప్పుడు అక్క చెయ్యి ఊపింది. ఏడవలేదు. నేనే ఏడ్చాను.

పద్నాలుగు నెలలు తిరిగాను. మెకాంగ్ చూశాను, దాంట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. ఆ ప్రయాణం గురించి రాయాలంటే ఇంకో పుస్తకం కావాలి. ఆ చొక్కా మూడో బొత్తాం ఎక్కడో ఊడిపోతే నా దగ్గర నీలం దారమే ఉందని చెబుతానని మీరు ఎదురుచూస్తూ ఉండవచ్చు. కట్టుకథైతే అలాగే రాసేదాన్ని. ఆ చొక్కా నేను తీసుకెళ్ళలేదు. నాతో వచ్చిన బట్టల్లో ఏ బొత్తామూ ఊడలేదు. ఎర్రమట్టి చాలా దేశాల్లో కనబడింది. ప్రతిచోటా గుప్పెడు తీసి చూశాను, ఇదే అది అని ఎక్కడా చెప్పలేకపోయాను.

ఎవరో తాళం తీసి ఉంటారని మా హెడ్మాస్టరు గారు అన్నారు. ఉండొచ్చు. నలభై ఏడు రోజుల్లో ఏడాది నడక ఎవరు నడుస్తారో, నా కాలితో ఎలా నడుస్తారో ఆయన చెప్పలేదు. నేను ఇప్పటికీ దేన్నీ నమ్మను. జరగలేదని మాత్రం అనలేను.

లావోస్‌లో కొండ ఊళ్ళో జ్వరంతో పడుకున్నప్పుడు రెండు నెలలు ఇంటికి ఉత్తరం రాయలేకపోయాను. తిరిగొచ్చాక ఆ రెండు నెలల గురించి భయంభయంగా మస్తాన్‌బీ గారిని అడిగాను. చుట్టాలంతా వచ్చి ఏడుపులు మొదలుపెట్టారట. అక్క వాళ్ళకి కాఫీలిచ్చి పంపేసిందట.

ఆవిడ ఇంకోటి కూడా చెప్పారు. నాన్న వెళ్ళిన రోజు నుంచి అక్క రాత్రిళ్ళు వీధి తలుపు గడియ పెట్టేది కాదు. ముప్ఫై ఏడేళ్ళు, ఉయ్యూరులో ఉన్నా, నాన్నకి తెలియని భవానీపురం ఇంట్లో ఉన్నా, తలుపు దగ్గరికి వేసి పడుకునేది. బావగారు తిట్టేవారు, నేనూ తిట్టేదాన్ని. నేను రైలెక్కిన రోజు రాత్రి గడియ పెట్టుకుందట. తోడు పడుకోవడానికి వెళ్ళిన మస్తాన్‌బీ గారు ఆశ్చర్యపోయి, అదేంటి రాజ్యం గారూ, ఇవాళ గడియ పెట్టారే అని అడిగారట.

"వచ్చేది తలుపు కొడుతుంది లేండి" అని, అక్క అటు తిరిగి తెల్లారేదాకా నిద్రపోయిందట.