మగ్గు టీచరు

మా పిన్నిని ఈత కొలనులో పిల్లలందరూ మగ్గు టీచరంటారు. ముప్పై ఏళ్లుగా ఈత నేర్పుతున్నా ఆమె మెడలో విజిల్ ఉండదు, చేతిలో సొట్టలు పడ్డ మగ్గు ఉంటుంది. "భయమెందుకు, దిగు" అని పిల్లల్ని కసిరే తల్లిదండ్రులంటే ఆమెకు ఒళ్లుమంట.

"చెబితే పోయేదాన్ని భయమంటారా? మీరు బయట కూర్చోండి," అంటుంది.

కొత్తగా వచ్చిన పిల్లను పైమెట్టు మీద కూర్చోబెడుతుంది. తాను కింద నీళ్లలో మోకాళ్ల మీద కూర్చుని, నిండు మగ్గు అందించి తల వంచుతుంది. "తల మీద నీళ్లు పడితే నాకు భయం. నువ్వే మెల్లగా పొయ్యమ్మా," అంటుంది.

ఒక నాలుగేళ్ల పాప తొమ్మిది రోజులు పైమెట్టు దిగకుండా పోసింది. పదో రోజు పొద్దున నేను తువ్వాళ్లు మడతపెడుతున్నాను. అద్దాల కప్పులోంచి ఎండ దిగి, గోడల మీద నీటి వెలుగులు ఊయలలూగుతున్నాయి. మాటలన్నీ ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టున్నాయి. పాప మగ్గు వంచింది. ముప్పై ఏళ్ల నాటకంలో ఆ రోజు పిన్నికి నిజంగానే పొలమారింది. దగ్గుతూ వెనక్కి జరిగింది.

పాప గబగబా మెట్లు దిగి, చిట్టి అరచేత్తో ఆమె ముఖం తుడిచింది.

"ఏం కాదులే, నేనున్నాగా."

పిన్ని కదల్లేదు. పాప కిందికి చూసుకుంది. నీళ్లు ఛాతీ దాకా ఉన్నాయి.

"నీళ్లు ఇంత పైకి ఎప్పుడొచ్చాయి?"

"అవి రాలేదమ్మా. నువ్వే వచ్చావు."