జోగారావు గారింట్లో రెహెమా

రెహెమాది టాంజానియాలో బుకోబా అనే ఊరు. తాడేపల్లిగూడెం దగ్గర హార్టికల్చర్ డిగ్రీ చదవడానికి వచ్చి ఇది నాలుగో ఏడు. పొడవాటి మనిషి. పొద్దున్నే పంజాబీ డ్రెస్ మీద తన దేశపు పూల గుడ్డ నడుముకి చుట్టుకుని తోటలోకి దిగుతుంది. ఏ అరటిచెట్టు పక్కనుంచి వెళ్లినా అరచేత్తో తట్టి గాని ముందుకు నడవదు. ఆవకాయ అన్నం తింటూ కళ్లనీళ్లు తుడుచుకుంటుంది, ఇంకో ముద్ద అడుగుతుంది. చివరి ఏడాది విద్యార్థులు రైతుల ఇళ్లలో ఉండి పని నేర్చుకోవాలి. ఆమెను తీసుకొచ్చిన కాలేజీ మాస్టారితో అరటి రైతు జోగారావు, "ఈ అమ్మాయికి మా మాట ఎలా అర్థమవుద్దండీ? ఇంకెవరినన్నా పంపండి," అన్నాడు. నెలాఖరుకి చూద్దామన్నారు మాస్టారు. పక్కనే నిలబడ్డ రెహెమాకి అంతా అర్థమైంది.

ఆ నెలలోనే గాలివానకి గెలలు వేసిన తోట సగం పడిపోయింది. జోగారావు గట్టు మీద కూలబడ్డాడు. భార్య సుందరమ్మ పిలిచినా లేవలేదు. రెహెమా వెళ్లి ఆ బురదలోనే పక్కన కూర్చుంది. చదివిన పాఠాలేవీ చెప్పలేదు. "మా అమ్మమ్మ తోటా ఇలాగే పడిందండీ. చాలా ఏడ్చిందండీ," అంది.

"తర్వాత?" అన్నాడు జోగారావు.

"పిలకలు లేచాయండీ. ఆ కాయలు తినే నేను ఇంత పొడుగు ఎదిగానండీ."

జోగారావు తలెత్తి ఆమెను పైనుంచి కిందికి చూసి నవ్వేశాడు. ఇద్దరూ లేచి, మిగిలిన చెట్లు పడకుండా వెదురుగెడలు పోటు పెట్టారు.

నెలాఖరున మాస్టారు వచ్చి, "మీరడిగినట్టే ఇంకొకర్ని పంపుతానండీ," అన్నారు.

"మా ఇంట్లో ఖాళీ లేదండీ," అన్నాడు జోగారావు.