నరసన్నపేట పొలిమేరలో ఆగిన బండి

అప్పుడు నేను శ్రీకాకుళంలో గుమాస్తాని. కోటబొమ్మాళిలో పుట్టింట ఉన్న నా భార్యకు నొప్పులొస్తున్నాయని ఒక ఉదయం ఆఫీసుకు కబురొచ్చింది. మొదటి కాన్పు. బస్సు కోసం నిలబడే ఓపిక లేక అక్క ఇంటికి పరుగెత్తాను. బావకు పాత మోటారు సైకిలుంది. దాని మీదే ఇద్దరం బయల్దేరాం.

ఊరు దాటాక ఇంజను ఎక్కిళ్ళు పెట్టడం మొదలెట్టింది. హెడ్‌లైటు మీది చిన్న మీటరులో ముల్లు మైనస్ వైపే ఒరిగి ఉంది. బ్యాటరీ ఖర్చవుతోందే తప్ప ఛార్జి ఎక్కడం లేదని బావ హారన్ కొట్టడం కూడా మానేశాడు. అయినా నరసన్నపేట పొలిమేరలో బండి ఆగిపోయింది.

"నేను బస్సెక్కి ఎలిపోతాను బావా."

"ఎలిపో. బస్సేదీ?"

రోడ్డు మీద ఎడ్లబళ్ళు తప్ప ఏమీ లేవు. బావ బ్యాటరీ వైర్లు లాగి చూశాడు. గట్టిగానే ఉన్నాయి. కాసేపాగి కిక్కు కొడితే ఇంజను అందుకుంది. డైనమో వైర్లు ఊడదీసి, అక్కడ ఒక బల్బు తగిలించి చూశాడు.

"సూడు, ఎలుగుతన్నాది. డైనమోకి ఏటీ అవ్వలేదు. అక్కణ్నుంచి బ్యాటరీకి కరెంటు ఎల్లే దారిలోనే తేడా ఉన్నాది."

ఇంజను ఆపి, డైనమో కరెంటును బ్యాటరీకి కలిపే కటౌట్ డబ్బా సీటు కింద ఉంటే, దాని మూత తీశాడు. లోపల కలుసుకోవలసిన రెండు ముక్కలూ మసిపట్టి నల్లగా ఉన్నాయి. గరుకు కాగితంతో రుద్దడం మొదలెట్టాడు. నేను రోడ్డుకి అటూ ఇటూ తిరుగుతున్నాను. రెండుసార్లు నడిచి పోదామని బయల్దేరి వెనక్కొచ్చాను.

"ఒరే, ఓ కాడ నిలబడరా! నీ నీడ పడతన్నాది."

వైర్లన్నీ బిగించాక బండి నెట్టమన్నాడు. చెప్పులు వదిలేసి నెట్టాను. ఇంజను అందుకుంది. ముల్లు వణికి, ప్లస్ వైపు తిరిగింది.

కోటబొమ్మాళిలో ఇంటి ముందు ఆగేసరికి మా అత్త ఎదురొచ్చింది.

"బండి ఆపకండి బాబూ! బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని సెప్తన్నాది. నరసన్నపేట ఆసుపత్రి నర్సమ్మని తెండి!"

నేను దిగీదిగకముందే బావ బండి తిప్పేశాడు. లోపల నా భార్య అరుపులు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు పోవాలో తెలిసేది కాదు. వీధి చివరికి వెళ్ళి చెవులు రిక్కించి నిలబడేవాణ్ణి. పిండిమర చప్పుడు విని మోటారు సైకిలే అనుకుని పరుగెత్తాను కూడా.

చివరికి బావ వచ్చాడు. వెనక నర్సమ్మ, ఒళ్ళో సంచీ గట్టిగా పట్టుకుని, పక్కకు తిరిగి కూర్చుని ఉంది. దిగీ దిగగానే లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

చాలాసేపటికి పాప ఏడుపు వినిపించింది. తల్లికీ ప్రమాదం లేదని నర్సమ్మ వచ్చి చెప్పింది. నేను అరుగు మీద కూలబడ్డాను. పక్కన బావ చుట్ట వెలిగించుకోవాలని చూస్తున్నాడు. అగ్గిపుల్లని తిరగేసి పట్టుకుని పెట్టె మీద గీస్తున్నాడు.

"ఏటి బావా?"

"దారిలో మళ్ళీ ఎక్కడ ఆగిపోద్దో అని సచ్చిపోయేన్రా," అన్నాడు.

పెట్టె అందుకుని నేనే వెలిగించాను.