‘ఆపరి’ అన్న మాట

మొన్న మా అక్క కూతురు ఫోన్‌లో ఏదో ఆట ఆడుతూ, అందులోని రాజ్యం పటం నాకు చూపించింది. "పిన్నీ, వీళ్ల భాషలో కొండకీ నదికీ ఈ మాటలు ఎవరు పుట్టించారు?" అని అడిగింది. ఒకప్పుడు అలాంటి మాటలు నేనూ పుట్టించాను.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లో మేం కిరాయికున్న ఇంటివాళ్లు అక్కడి పాత ఊరివాళ్లే; మాది గుంటూరు వైపు. వాళ్లమ్మాయీ నేనూ ఇంటర్ చదివేవాళ్లం. బంద్‌లకు కాలేజీ మూతపడితే మేడమీద కూర్చుని, లేని రాజ్యానికి పటం గీసి, దానికో భాష కట్టేవాళ్లం. తను గుట్ట అంది, నేను కొండ అన్నాను. రెండు రోజులు అలిగి, చివరికి ‘గుటొండ’ దగ్గర రాజీపడ్డాం. మూసారాంబాగ్ వంతెన మీద కింది మురికినీటి కంపుకు ముక్కు మూసుకుని దాటడం తలుచుకుని బురదనేలకు ‘మూసర’ అని పెట్టాం. నాదర్‌గుల్‌లో శిక్షణ విమానాలు తిరిగే ఖాళీ మైదానం నుంచి చదును నేలకు ‘నాదరు’ వచ్చింది. యూనివర్సిటీలో చదివే ఆ అమ్మాయి అన్న, నినాదాలు చేసి చేసి గొంతు పోయి ఇంటికొచ్చిన ఒకరోజు, మా పటం చూసి నవ్వి, అందులో గీసిన వంతెన దగ్గర తన చేత్తో ఒక మాట రాశాడు: ‘ఆపరి’. ఏరు వేగం తగ్గి, మనిషి నడిచి దాటగలిగే చోటట.

బయట మాత్రం గాలి బాగాలేదు. ఎల్బీనగర్ వైపు నుంచి టైర్లు కాలిన వాసన వచ్చేది. నాన్న ఆఫీసు నుంచి వచ్చేదాకా అమ్మ గేటు దగ్గరే నిలబడేది. మర్నాడు మూసారాంబాగ్ వంతెన మీద రాస్తారోకో అనగా, మధ్యాహ్నం పోలీసులు అన్న కోసం వచ్చారు. సోదాలో ఆ పటం, మాటలూ ఉన్న మా నోటుబుక్కు దొరికింది. మీసం కూడా నిండుగా రాని కుర్ర ఎస్సై మా ఇద్దర్నీ పిలిచాడు.

"గిదేం భాష?"

ఒక్కో మాటా ఎలా పుట్టిందో నేను వివరించాను. అంత శ్రద్ధగా నా మాటలు విన్న మనిషి మళ్లీ నాకు దొరకలేదు. ఆయన వేలు పటంలోని వంతెన దగ్గర ఆగింది.

"ఆపరి అంటే ఆపుడేనా? గీ చేతిరాత వేరే ఉంది. ఎవరిది?"

స్నేహితురాలు నా చెయ్యి గట్టిగా నొక్కింది. నా నోటికి అబద్ధం రాలేదు.

"అన్నదండీ" అన్నాను.

అన్నను జీపెక్కించుకుపోయారు. నాలుగో రోజు తిరిగొచ్చాడు. కుడిచేతికి కట్టుంది; వాళ్లమ్మ అన్నం కలిపి పెట్టింది. మెట్ల మీద నన్ను చూసి, "నువ్వు ఉన్నదే చెప్పినవ్ చెల్లె, పరేషాన్ గాకు" అన్నాడు. స్నేహితురాలు మాత్రం, "తెల్వదని అంటే అయిపోవు గదనే" అంది, ఒక్కసారే. ఆ తర్వాత తను మేడమీదికి రాలేదు. ఎండాకాలంలో మేం కొత్తపేటకు ఇల్లు మారాం.

ఆ ఎస్సై వయసు నేను ఎప్పుడో దాటేశాను. ఏళ్లు గడిస్తే, తెలియదని చెప్పే ధైర్యం దానంతటదే వస్తుందనుకున్నాను. వచ్చిందో లేదో తేల్చుకునే అలాంటి మధ్యాహ్నం మళ్లీ రాలేదు.